తిరుగుటపా

జానెడు ఎత్తు నుంచి రాతిపలక మీదికి వదిలితే కార్డు తన రకమేమిటో తనే చెబుతుంది. 'టప్' అంటే ఎడమవైపు నీలం తొట్టి. 'టిక్' అంటే కుడివైపు ఎర్ర తొట్టి. ఆమె ఎనిమిదింటికి మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా ఒక సంచి పూర్తిచేసి, రెండో సంచి సీలు కత్తిరించింది. కార్డులు బల్ల మీదికి గలగలమని జారాయి. రెండు చేతులతో వాటిని దగ్గరికి లాక్కుని, పేర్లున్న వైపు కిందికి వచ్చేలా తిప్పుకోసాగింది. పేర్లు చదవకూడదని అక్కడ నియమం. చదవాలని ఆమెకూ ఉండదు.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. బల్ల ఎత్తు అందక కాళ్ళ కింద చెక్కపెట్టె వేసుకుని నిలబడుతుంది. వేళ్ళు లావుగా, చివర్లు అరిగి నున్నగా ఉంటాయి. పని చేస్తున్నంతసేపూ తల కుడివైపుకి కాస్త వాలి ఉంటుంది, పక్కింటివాళ్ళ మాటలు వింటున్నట్టు. చెవులకు పోగులు పెట్టుకోదు. చప్పుడుకి అడ్డమంటుంది. షెడ్డులో అందరూ ఆమెను చెవులక్క అంటారు. ఆ పేరు పెట్టింది ప్రెస్సు దగ్గర పనిచేసే అతను. "గోడలకి చెవులుంటాయంటే నేను నమ్మలేదు గానీ, మన షెడ్డుకి మాత్రం ఉన్నాయి" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.

అది రేకుల షెడ్డు. నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. బ్యాంకుల నుంచి గడువు తీరిన కార్డులు సీలు వేసిన సంచుల్లో ఇక్కడికి వస్తాయి. ముందు ఆమె రకాలు వేరు చేస్తుంది. తర్వాత ప్రెస్సతను ఒక్కొక్క కార్డులోంచి చిప్పు ఉన్న ముక్కను గుండీ ఊడదీసినట్టు ఊడగొడతాడు. చిప్పులు ఒక డబ్బాలో పడతాయి, వాటిలోని లోహాలు తీసేవాళ్ళు వేరే ఉన్నారు. చిల్లు పడ్డ కార్డులు గ్రైండర్‌లోకి వెళ్ళి గోరంత ముక్కలై బస్తాల్లోకి వస్తాయి. ఆ బస్తాలు షీట్ల ఫ్యాక్టరీకి పోతాయి. అక్కడ వాటిని కరిగించి మళ్ళీ షీట్లు తీస్తారు. పాత కార్డులతో కొత్త కార్డులు చేయాలన్నది షెడ్డు పెట్టిన మేడమ్ పట్టుదల.

చిక్కంతా ప్లాస్టిక్ రకాల దగ్గరే ఉంది. చాలా కార్డులు పీవీసీతో చేసినవి. కొన్ని మాత్రం వేరే రకం. కంటికి రెండూ కవలపిల్లలు. నీళ్ళలో వేసి వేరుచేద్దామంటే రెండూ మునుగుతాయి. కలిపి కరిగిస్తే ఒకటి కరుగుతుంది, రెండోది మొండికేసి గింజలా మిగిలి మాడిపోతుంది. షీటు మీద నల్లచుక్కలు తేలతాయి. రకాలు పట్టే యంత్రాలు ఉన్నాయట గానీ, అలాంటిది పెట్టాలంటే ఈ షెడ్డు చాలదు. అందుకే రాతిపలక, ఆమె చెవి. ఆమె పని అయ్యేదాకా గ్రైండర్ వేయరు. పొద్దున పూట షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ప్రెస్సతనికి తుమ్ము వస్తే బయటికి వెళ్ళి తుమ్మి వస్తాడు.

టప్. టప్. టప్. టిక్. టప్.

కార్డులకు మనుషుల గుర్తులు చాలా అంటుకుని వస్తాయి. అంచుల మీద పసిపిల్లల పంటి గాట్లు. విరిగితే వేసుకున్న అతుకు టేపు. వెనకాల నాలుగంకెల రహస్యసంఖ్య పెన్నుతో రాసుకుని, ఎవరికీ తెలియకూడదని దాని మీదే గీతలు కొట్టుకున్నవాళ్ళు ఉంటారు. గీతల కింద అంకెలు శుభ్రంగా కనిపిస్తూనే ఉంటాయి. ఇవి సగమైతే, మిగతా సగానికి ఏ గుర్తూ ఉండదు. కవరులోంచి తీసి, సొరుగులో పెట్టి, గడువు తీరాక వెనక్కి ఇచ్చేసినవి. కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తూ వస్తాయి. వాటిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఒకప్పుడు అలాంటివాటిని కవర్లలో పెట్టి పంపింది తనే.

పద్దెనిమిదేళ్ళు కార్డుల ఫ్యాక్టరీలో పనిచేసింది. పై అంతస్తులో పొడుగాటి గది. ఉత్తరం మీద గుర్తు పెట్టిన చోట జిగురు చుక్క వేయాలి, కార్డు నొక్కాలి, కాగితాన్ని మూడు మడతలు పెట్టాలి, కవరులోకి తోయాలి. రోజుకి పన్నెండు వందల కవర్లు. కింది అంతస్తులో ఆమె భర్త పీవీసీ షీట్ల మేస్త్రి. అప్పటికి ఇంకా భర్త కాదు. ఒకసారి ఆమె అంచు వంకర పోయిన కార్డుల కట్ట ఒకటి కిందికి తిప్పి పంపింది. అతను మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఎవరు వెనక్కి పంపింది?" అన్నాడు. మోచేతుల దాకా వేడి పలకల వాతలు, చెమటకు వీపుకి అంటుకున్న చొక్కా. ఆమె జిగురు సీసా మూత పెట్టి, "నేనే. చూసుకుని చెయ్యండి" అంది. అతను కార్డును కంటి ఎత్తుకి పట్టుకుని అంచు వెంట చూశాడు. కట్ట తీసుకుని దిగిపోయాడు. ఆ తర్వాత కట్టలు సరిగ్గానే ఉన్నా ఏదో వంకతో పైకి వచ్చేవాడు.

కవర్లలో పెట్టే యంత్రం వచ్చాక ఆమె పని పోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఇల్లు, కూతురు, బడిపిల్లల సంచులు కుట్టడం. ఆయన రిటైరయ్యాక, నాలుగేళ్ళ కింద ఈ షెడ్డులో మనుషులు కావాలంటే వచ్చి చేరింది. మొదటిరోజు ఇంటికి వెళ్ళి చెప్పులు విడుస్తూ, "నేను పంపిన ఉత్తరాలకి ఇన్నాళ్ళకి తిరుగుటపా వస్తోందండీ" అంది. ఆయన నవ్వలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు. నేను తొక్కాను, నువ్వు కడుగుతున్నావు" అన్నాడు.

ఆ మాట వెనక ఏముందో ఆమెకు చాలా రోజుల తర్వాత తెలిసింది. షీటులోంచి కార్డులు కోసేశాక జల్లెడలాంటి చట్రం మిగులుతుంది. రోజూ అలాంటివి గుట్టలు. వాటిని లారీలో ఎక్కడికో తీసుకెళ్ళేవాళ్ళు. ఒక సెలవురోజు ఆయన ఆ లారీ వెనకాల సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడట. ఊరి బయట పెద్ద గొయ్యి. అందులో తన చేతి షీట్లు, వారం కిందటివి, నెల కిందటివి, పైనుంచి కిందిదాకా పొరలు పొరలుగా ఉన్నాయి. ఒక మూల మంట పెట్టారు. పొగ గొంతులో పడి రెండు రోజులు మాట రాలేదు. జలుబు చేసిందని ఆమెతో చెప్పాడు. ఆ నిజాన్ని ఇరవై రెండేళ్ళు దాచాడు.

రకాలు చెవితో పట్టడం నేర్పింది ఆయనే. వంటింటి బల్ల మీద రాతిపలక పెట్టి, ఆమెను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనకనుంచి కార్డులు వదిలేవాడు. మొదట్లో ఆమెకు అన్నీ ఒకలాగే వినిపించేవి. "విననక్కర్లేదు. పడ్డాక మోత ఎంతసేపు ఉందో చూడు" అనేవాడు. అదేమిటో అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు కూర తాలింపు పెడుతూ, వెనక్కి తిరక్కుండానే, "అది మనది కాదు" అంది. ఆయన ఆ కార్డును తిప్పి చూసి, "పర్వాలేదు" అన్నాడు. ఆయన నోట్లో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు మాట లేదు.

పదిన్నరకు టీ. అందరూ గోడవారగా కూర్చున్నారు. మేడమ్ గాజు గదిలో ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. నలభై ఏళ్ళుంటాయి. ఇంతకుముందు బ్యాంకులో కార్డుల విభాగంలో పనిచేసేది. కాల్చడానికి పంపే సంచుల మీద సంతకం పెట్టడం అక్కడ ఆమె పనుల్లో ఒకటి.

"ఈరోజే కదా తేలేది" అన్నాడు ప్రెస్సతను.

చెవులక్క తలూపింది. ఇన్నేళ్ళకు బస్తాలు తీసుకోవడానికి ఒప్పుకున్న షీట్ల ఫ్యాక్టరీవాళ్ళు, నాలుగు నెలల కింద పంపిన మొదటి లోడు తిప్పికొట్టారు. ఆమె చెవి కుదరకముందు వేరుచేసిన బస్తాలు అందులో కలిసి, చుక్కలెక్కువ. ఆ లోడు సిమెంటు కొలిమిలోకి ఇంధనంగా పోయింది. రెండోది కూడా తప్పితే ఇక తీసుకోమన్నారు. అప్పుడు ఈ బస్తాలన్నిటికీ ఆ కొలిమే దిక్కు.

"ఇవన్నీ కాదు గానీ అక్కా, అందరూ ఫోన్లోనే చేసుకుంటే అసలు కార్డులే ఉండవట. మేడమేమో గడువు పెంచండని బ్యాంకుల వెంట పడుతోంది. మూడేళ్ళకిచ్చేది ఆరేళ్ళకిస్తే మనకొచ్చే సంచులు సగమైపోతాయి. మనం కూర్చున్న కొమ్మ మనమే నరుక్కోవడం కాదూ?"

"సంచులు రాకపోతే ఇంట్లో కూర్చుందాం. రోగాలు తగ్గాయని డాక్టరు ఏడుస్తాడా?"

"డాక్టరు ఏడవడు. కాంపౌండరు ఏడుస్తాడు" అన్నాడు అతను, గ్లాసు కడగడానికి లేస్తూ.

ఆమెకు నవ్వు రాలేదు. మూడు వారాల కింద ఆమెకు జలుబు చేసి చెవులు రెండూ మూసుకుపోయాయి. రెండు రోజులు, దూదిలోంచి విన్నట్టు విన్నది. కార్డు పడటం కనిపించింది గానీ చప్పుడు లేదు. సంచులు పేరుకుపోతాయని పని ఆపలేదు. వేళ్ళతో వంచి, ఎంత బిగువుగా ఉందో, వంచినచోట తెల్లగీత పడుతుందో లేదో చూసి వేరుచేసింది. వంచి పట్టడం చెవి అంత నమ్మకం కాదని ఆమెకు తెలుసు. ఆ రెండు రోజుల కార్డులూ ఈ లోడులోనే ఉన్నాయి. ఈ సంగతి ఇంట్లో ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు పొద్దున కూడా ఆ మాటే వచ్చింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏడాదిగా కాళ్ళు వాస్తున్నాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఊపిరి తీసుకోవాలి. గుండె అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. మెట్లు దిగి ఎనిమిది నెలలైంది. ఆమె వంగి చెప్పులు తొడుక్కుంటుంటే, ఆయన రోజూలాగే వెనకాల మూడు కార్డులు వదిలాడు.

"టప్. టిక్. టప్" అంది ఆమె, పట్టీ బిగించుకుంటూ.

"చెవి బాగానే ఉంది" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "మరి వాళ్ళతో చెప్పెయ్."

"ఫలితం వచ్చాక చెబుతా."

"వచ్చాక చెబితే దొరికిపోయి చెప్పినట్టు. ముందే చెబితే చెప్పినట్టు."

టీ గ్లాసు కింద పెట్టి ఆమె లేచింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని గాజు గది తలుపు తోసింది.

"మేడమ్, ఒక మాట."

"చెప్పక్కా."

నిలబడే చెప్పింది. జలుబు, రెండు రోజులు, ఎన్ని సంచులు, ఎలా వేరుచేసింది. ఏదీ తగ్గించలేదు, ఏడవలేదు. మేడమ్ ఫోను బల్ల మీద పెట్టింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపేస్తారనుకున్నా."

"ఆపేదాన్నే."

"అందుకే చెప్పలేదు."

మేడమ్ కాసేపు కిటికీలోంచి బస్తాల వైపు చూసింది. "ఇప్పుడు వాటిని విడదీయలేం. అన్నీ కలిసిపోయాయి" అంది. తర్వాత, "సరే. వెళ్ళి పని చూసుకో. రానీ, చూద్దాం" అంది. కోప్పడలేదు, ఓదార్చనూలేదు. ఆమె తిరిగి చెక్కపెట్టె ఎక్కింది. మధ్యాహ్నం దాకా ఇంకో సంచి చేసింది. ఎప్పటికన్నా నెమ్మదిగా చేసింది. అనుమానం వచ్చిన కార్డును రెండోసారి, మూడోసారి వదిలి విన్నది.

భోజనాల దగ్గర ప్రెస్సతను ఒక ఆకుపచ్చ కార్డు తెచ్చి చూపించాడు. మొక్కజొన్న పిండితో చేశారట, మట్టిలో వేస్తే కలిసిపోతుందని దాని మీదే అచ్చేసి ఉంది. ఇలాంటిదే మేడమ్ ఇచ్చిందొకటి తమ ఇంట్లోనూ ఉందని ఆమె చెప్పింది. "మా ఆయన పూలకుండీలో పాతారు. మూడు నెలలకోసారి తవ్వి చూస్తారు. రెండేళ్ళయింది. పూలమొక్క పోయింది గానీ కార్డు నిక్షేపంలా ఉంది." అందరూ నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వింది. మధ్యాహ్నం గ్రైండర్ వేశారు. ఆ రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు, అదే నయమనిపించింది.

మూడింటికి చిన్న వ్యాను వచ్చింది. షీట్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు దిగాడు. బట్టతల, జేబులో రెండు పెన్నులు, మాట తక్కువ మనిషి. అట్టల మధ్య కట్టిన పది షీట్లు లోపలికి మోసుకొచ్చారు. గ్రైండర్ ఆపేశారు. అడుగున ట్యూబులైటు వెలిగే గాజుబల్ల మీద మొదటి షీటు పరిచారు. వేల కార్డుల ఎరుపూ నీలమూ బంగారురంగూ కరిగి కలిసి లేత బూడిదరంగైంది. సూపర్‌వైజరు వేలితో చూపిస్తూ వెళ్ళాడు. ఒకటి. రెండు. మూడు. ఇంకో షీటు. రెండే. ఇంకోటి. ఐదు. మేడమ్ చేతులు కట్టుకుని చూస్తోంది. చెవులక్క ఆమె వెనకాల నిలబడింది. ఐదు చుక్కల షీటు రాగానే బల్ల దగ్గరికి జరిగింది. ఏ సంచిలోవో, ఏ పూటవో చెప్పగలనని అనిపించింది.

పదీ చూశాక సూపర్‌వైజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పోయినసారి షీటుకి ముప్ఫై ఉన్నాయి" అన్నాడు. "ఇది కార్డు పొట్టలోకి పోయే షీటు. రెండు పక్కలా తెల్ల పొర వస్తుంది. ఈమాత్రం కనపడదు. తీసుకుంటాం." ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో మాట అన్నాడు. "ఐదు కన్నా ఒక్కటి ఎక్కువైనా మాత్రం తీసుకోను. రాసి సంతకం పెడుతున్నా."

ప్రెస్సతను చప్పట్లు కొట్టబోయి, మేడమ్ మొహం చూసి చేతులు జేబులో పెట్టుకున్నాడు. వ్యాను వెళ్ళాక మేడమ్ ఆమె దగ్గరికి వచ్చింది.

"ఈసారి జలుబు చేస్తే ఇంట్లో పడుకో."

"అలాగే."

"ఒక్క చెవి మీద షెడ్డంతా నిలబెట్టడం నాదే తప్పు. ఇంకో ఇద్దరికి నేర్పు."

"నాకు నేర్పడం రాదు మేడమ్. నేను నేర్చుకున్నది మా ఆయన దగ్గర. ఆయనైతే నేర్పుతారు."

"రాగలరా?"

ఆమె ఆలోచించింది. "కుర్చీతో దింపుకోవాలి."

"నలుగురం వస్తాం" అన్నాడు ప్రెస్సతను. "కుర్చీతో సహా తెచ్చేస్తాం. సోమవారం పొద్దున."

మేడమ్ ఒక షీటు మూల నుంచి కార్డు కొలతకు ముక్క కోయించి, మూలలు గుండ్రంగా చేయించి ఆమె చేతిలో పెట్టింది. "మేస్త్రిగారికి చూపించు. ఏమంటారో రేపు చెప్పు" అంది.

నాలుగున్నరకు ఇంటికి చేరింది. రెండో అంతస్తు, రెండు గదులు, వెనక బట్టలారేసుకునే చిన్న డాబా. ఆయన కిటికీ దగ్గరే ఉన్నాడు. మధ్యాహ్నం కూతురు వచ్చి మందులిచ్చి వెళ్ళినట్టుంది, పక్కన స్టూలు మీద గ్లాసు కడిగి బోర్లించి ఉంది. కూతురు మూడు వీధుల అవతల మందుల షాపులో పనిచేస్తుంది.

"చెప్పావా?" అన్నాడు, ఆమె చెప్పులు విడవకముందే.

"చెప్పా. ముందే చెప్పా."

"ఆ."

"పాసైంది" అంది. కార్డు ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన వెంటనే చూడలేదు. ముందు బొటనవేలి గోరు అంచు వెంట నడిపాడు. తర్వాత వంచాడు, వదిలాడు, మళ్ళీ వంచాడు. తెల్లగీత పడలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని చిటికెతో కొట్టాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, పరీక్ష రాసి బయట నిలబడ్డ పిల్లలా చూస్తోంది.

"ఎంత వేడిలో తీశారు?"

"నాకేం తెలుసు?"

"కొంచెం ఎక్కువైంది." ఊపిరి తీసుకున్నాడు. "అయినా పర్వాలేదు."

అప్పుడు కార్డును వెలుగుకు పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా చూశాడు. "ఇక్కడొకటుంది."

ఆమె వంగి చూసింది. నువ్వుగింజలో సగం ఉంటుంది. నల్లగా. "అది నాదే. జలుబుది" అంది.

"పెన్సిలుందా?"

క్యాలెండరు పక్కన దారానికి వేలాడుతున్న పెన్సిలు తెంపి ఇచ్చింది. ఆయన చుక్క చుట్టూ సన్నగా సున్నా చుట్టాడు. ఫ్యాక్టరీలో షీట్లు చూసేటప్పుడు అలాగే చుట్టేవాడు. సున్నా చుట్టిన షీటు చెత్తలోకి పోదు, ఆ ఒక్క చోటు తప్పించి కోసుకునేవారు.

"సోమవారం మిమ్మల్ని తీసుకెళ్తారట" అంది. "నలుగురొచ్చి కుర్చీతో దింపుతారు. ఇద్దరికి చెవి నేర్పాలి."

ఆయన కార్డు మీంచి చూపు ఎత్తలేదు. "పెళ్ళికొడుకుని మోసినట్టు మోస్తారా?"

"మీ బరువుకి పెళ్ళికొడుకేంటి, బీరువా అనుకుని మోస్తారు."

ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక, "ఆ నీలం చొక్కా ఉందా?" అన్నాడు.

"పొద్దున ఉతికి ఆరేశా. ఉండండి, ఇస్త్రీకి తీస్తా."

వెనక డాబా మీదికి వెళ్ళింది. ఎండ గోడ దిగి పక్కింటి నీళ్ళ తొట్టి మీదికి జరిగింది. నీలం చొక్కా తీసింది. కాలరు ఇంకా తడిగా ఉంది. పక్క డాబా మీద ఆవిడ, "మీ ఆయనకెలా ఉంది?" అని అడిగింది. "బాగానే ఉన్నారు. సోమవారం ఉద్యోగంలో చేరుతున్నారు" అంది ఆమె. ఆవిడ నవ్వింది. తువ్వాళ్ళు, దుప్పటి కూడా తీసి మడతలు పెట్టుకుని, ఐదారు నిమిషాల్లో లోపలికి వచ్చింది.

ఆయన తల కిటికీ చట్రానికి ఆని ఉంది. కళ్ళద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. నిద్రపోయాడనుకుని, బట్టలు మంచం మీద పెట్టింది. చొక్కా కాలరు ఆరలేదు, కాసేపు ఫ్యాను కింద వేయాలి అనుకుంది. ఫ్యాను వేసింది. అప్పుడు గదిలో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏడాదిగా ఆ గదిలో ఎప్పుడూ ఉండే చప్పుడు, ఆయన ఊపిరి తీసే బరువైన చప్పుడు. ఫ్యాను ఆపేసింది. తల కుడివైపుకి వాల్చి విన్నది. చాలాసేపు విన్నది.

తర్వాత ఫోను తీసి కూతురికి చేసింది. "ఒకసారి రా. డాక్టరుగారిని కూడా తీసుకురా. తొందరపడకు, రోడ్డు చూసుకుని దాటు" అంది. ఆయన చేతులు ఒళ్ళో సర్దింది. కళ్ళద్దాలు తీసి మడిచి, బోర్లించిన గ్లాసు పక్కన పెట్టింది.

డాక్టరు వచ్చి చూసి, అరగంట అయివుంటుందని చెప్పి, కాగితం రాసిచ్చి వెళ్ళాడు. కూతురు కొంచెంసేపు నాన్న మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చి, లేచి, రావలసిన వాళ్ళకు ఫోన్లు చేసింది. పక్క డాబా ఆవిడ టీ కాచి తెచ్చింది. నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఆయనకు తొడిగారు. కాలరు ఆరింది. మర్నాడు పది గంటలకు మేడమ్ వచ్చింది. ప్రెస్సతను, షెడ్డులోని ఇంకో ముగ్గురు వచ్చారు. ఆ నలుగురే మెట్ల మలుపుల్లో జాగ్రత్తగా తిప్పుకుంటూ ఆయన్ని కిందికి దింపారు.

అంతా అయి, వచ్చినవాళ్ళు వెళ్ళాక, కూతురు గది ఊడుస్తూ కుర్చీ కిందనుంచి పెన్సిలు, ఒక కార్డు తీసింది.

"అమ్మా, ఇదేంటి? పారేయనా?"

"ఇలా ఇవ్వు."

ఆమె దాన్ని పట్టుకుని కూర్చుంది. ఒక సున్నా తన కళ్ళ ముందు చుట్టిందే. దానికి రెండు వేళ్ళ ఎడంగా, అంచుకు దగ్గరలో, ఇంకో సున్నా ఉంది. గీత కాస్త వణికింది గానీ పూర్తిగా చుట్టి ఉంది. లోపల ఏమీ కనిపించలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుగుకు పట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది. ఉంది. సూపర్‌వైజరు చూడలేదు, మేడమ్ చూడలేదు, తనూ చూడలేదు.

కూతురు లోపలికి పిలిస్తే కార్డును కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళింది. లేత బూడిదరంగు ముక్క. పేరు లేదు, అంకెలు లేవు, గడువు తేదీ లేదు. పెన్సిలుతో చుట్టిన రెండు సున్నాలు, రెండోదాని నడుమ సూదిమొన ఆనించి తీసినంత నలుపు.